అర్థం మాత్రం చెప్పకండి!

మీ ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఉందా? స్వాతంత్ర్య దినోత్సవం అంటే పొద్దెక్కేదాకా పడుకోగలిగిన ఒక సెలవు రోజని మాత్రమే ఆ పిల్లకు తెలుసా? అయితే మీరు అదృష్టవంతులు. చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేయండి. లేపకండి. పొరపాటున లేపినా, ఆ రోజుకు అర్థం ఏమిటో మాత్రం చెప్పకండి!

వెటకారమాడుతున్నానని అనుకునేరు. ఒట్టు, కాదు. అనుభవించినవాణ్ణి కనుక చెబుతున్నాను.

ఏటా ఆ రోజున ఎవరో ఒక టీవీ కుర్రాడు మైకు పట్టుకుని బజారులోకి వస్తాడు. దారిన పోయే పిల్లాణ్ణి ఆపి, "ఈ రోజు ప్రత్యేకత ఏమిటి?" అని అడుగుతాడు. "ఫ్రీడమ్ సేల్ అండీ!" అంటాడు వాడు. అంతే, స్టూడియోలో కూర్చున్న పెద్దలంతా తలలు పట్టుకుంటారు. దేశం ఏమైపోతోందని గుండెలు బాదుకుంటారు.

ఏమైపోతోందండీ? ఆ పిల్లాడు వెళ్ళి ఇయర్‌ఫోన్లు కొనుక్కుంటాడు. చెవుల్లో పెట్టుకుంటాడు. ఇక ఎవరు ఏమన్నా వాడికి వినబడదు. అంతకన్నా శాంతికాముకుడైన పౌరుడు మనకు ఎక్కడ దొరుకుతాడు?

ఇంకొకమ్మాయి ప్రొఫైల్ ఫొటోలో జెండా పెడుతుంది. మర్నాడు తీసేసి మళ్ళీ తన మొహం పెట్టుకుంటుంది. జెండాకూ నష్టం లేదు, మొహానికీ నష్టం లేదు. మా అపార్ట్‌మెంటులో ఉండే పళ్ళ డాక్టరు గారి అబ్బాయి అయితే, ఆ రోజు వాళ్ళ నాన్న క్లినిక్ మూసేస్తాడు కాబట్టి, పళ్ళు పీకించుకోవడం నుంచి దేశానికి విముక్తి దొరికిన రోజని చాలా కాలం నమ్మాడు. ఎంత చక్కటి నమ్మకం! దానివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా?

అర్థం తెలిసిన పిల్లలతోనే వస్తుంది చిక్కు. ఆ చిక్కు మా అపార్ట్‌మెంటుకు పోయినేడు వచ్చింది. తెచ్చినవాణ్ణి నేనే.

ఒకరోజు సాయంత్రం మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన రిటైరయ్యాక ఈ పదవిలోకి వచ్చారు. ఇందులోంచి రిటైరయ్యే ఉద్దేశం ఇప్పట్లో లేదు. మనిషి మంచివారే. పూలమొక్కలంటే ప్రాణం. రూల్స్ అంటే అంతకన్నా ప్రాణం. మా అపార్ట్‌మెంటులో గోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొత్తవాళ్ళకు తెలియడానికి కాస్త టైం పడుతుంది. ముందు బోర్డులు కనిపిస్తాయి. "మెట్ల మీద కూర్చోరాదు." "గుంపుగా నిలబడరాదు." "బంతి తేరాదు." "కుండీలను తాకరాదు."

"రచయిత గారూ, మన పిల్లలు చెడిపోతున్నారండీ" అన్నారు కుర్చీలో కూలబడుతూ. "స్వాతంత్ర్యం అంటే ఏమిటో ఒక్కడికీ తెలీదు. మీరు కాస్త దాని అర్థం, ప్రాముఖ్యత చెప్పాలి. వచ్చే ఆదివారం. అరగంట చాలు."

"నాకంటే పెద్దవాళ్ళు ఎవరైనా..."

"అడిగానండీ. వాళ్ళకి కుదర్లేదు" అన్నారు నిజాయితీగా.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టారు. వాళ్ళంతట వాళ్ళు వచ్చారని చెబితే అబద్ధం అవుతుంది. ఒక్కొక్కరినీ వాళ్ళ అమ్మలు తెచ్చి అప్పజెప్పి వెళ్ళారు. వాళ్ళలో మా మేనకోడలు కూడా ఉంది. మా అక్క కూతురు. కాలేజీ మా ఇంటికి దగ్గరని మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ "ఎందుకు?" అంటుందని ఇంట్లో అందరం దాన్ని 'ఎందుకమ్మ' అంటాం.

నేను మొదలుపెట్టాను. త్యాగం అన్నాను. బలిదానం అన్నాను. రక్తం చిందించారన్నాను, సంకెళ్ళు తెంచారన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. కింద పిల్లల బొటనవేళ్ళు ఫోన్ల మీద తిరుగుతున్నాయి. వెనక వరసలో సెక్రటరీ గారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. కాసేపటికి తల ఊపడం కూడా ఆగిపోయింది. అంతా ఎంత ప్రశాంతంగా ఉందో! నేను మాట్లాడుతున్నాను, వాళ్ళు వినడం లేదు, ఎవరికీ ఎవరిమీదా ఫిర్యాదు లేదు. స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగం అంటే అలా ఉండాలి.

అప్పుడు ఎందుకమ్మ చెయ్యి ఎత్తింది.

"మామయ్యా, సంకెళ్ళు అంటున్నావు కదా. అందరికీ వేశారా?"

"అబ్బే, అందరికీ ఎందుకేస్తారమ్మా! అది ఒక పోలిక."

"మరి సంకెళ్ళు లేనివాళ్ళకి ఇబ్బంది ఏంటి? జైలుకెళ్ళని మామూలు మనిషి పొద్దున్నే లేస్తే, వాళ్ళు ఏం చెయ్యనిచ్చేవాళ్ళు కాదు?"

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. "మంచి ప్రశ్న తల్లీ" అని మళ్ళీ త్యాగంలోకి వెళ్ళిపోతే సరిపోయేది. వెళ్ళలేదు. ఆ పిల్ల నిజంగానే తెలుసుకోవాలని చూస్తోంది. ఎన్నో ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్న నన్ను, నిజంగా తెలుసుకోవాలని ఎవరూ ఏమీ అడగలేదు. నోరు జారింది.

"మనం ఎలా బతకాలో మనల్ని అడక్కుండా వాళ్ళు రూల్స్ రాసేవాళ్ళమ్మా. మన ఊళ్ళోనే మనం నడవకూడని దారులు ఉండేవి. నలుగురు కలిసి నిలబడితే ఎందుకు నిలబడ్డారని అడిగేవాళ్ళు. ఇదేం న్యాయం అని అడుగుదామని వెళితే, అడిగే హక్కు నీకు లేదు పొమ్మనేవాళ్ళు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కొన్నాళ్ళకి మనవాళ్ళకి అది అలవాటైపోయింది."

ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దగా వినిపించింది. ఎందుకా అని చూస్తే, బొటనవేళ్ళు ఆగిపోయాయి.

ముందు వరసలో రెండో అంతస్తు డ్రమ్ముల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. వాడు డ్రమ్ములు వాయించరాదని కూడా ఒక బోర్డు ఉంది. వాడు నెమ్మదిగా అన్నాడు.

"అంకుల్... ఇది మన అపార్ట్‌మెంటే కదా?"

హాలంతా గొల్లుమంది. సెక్రటరీ గారు ఉలిక్కిపడి లేచి, ప్రసంగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఆ మర్నాటి నుంచి పిల్లలు బోర్డులు చదవడం మొదలుపెట్టారు! గోడలకు తగిలించింది చదవడానికి కాదని, అలవాటు పడటానికని వాళ్ళకు ఎవరు చెబుతారు? ప్రతి బోర్డు ముందూ ఆగడం, "ఇది ఎవరు పెట్టారు? ఎవర్ని అడిగి పెట్టారు?" అనడం. పళ్ళ డాక్టరు గారి అబ్బాయి ఇంట్లో రూల్స్ ఎవర్ని అడిగి పెట్టావని వాళ్ళ నాన్నను భోజనం దగ్గర నిలదీశాడట. ఆయన నాకు ఫోన్ చేసి, "మీరు వాణ్ణి కదిపారు. వాడికి ఇంతవరకూ నొప్పి అనేదే తెలీదు" అన్నారు.

చివరికి వాళ్ళ చూపు ర్యాంపు మీద పడింది.

మా లిఫ్టు దిగి బయటికి రావాలంటే అద్దాల తలుపు దాటి కొన్ని మెట్లు దిగాలి. మెట్ల పక్కన కట్టినవాడు ఒక ర్యాంపు కూడా కట్టాడు. అది ఖాళీగా పడి ఉండటం చూసి సెక్రటరీ గారు దాన్నిండా పూలకుండీలు పెట్టారు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉండేది. వచ్చినవాళ్ళంతా అక్కడ ఫొటోలు దిగేవాళ్ళు. నేనూ దిగాను.

నాలుగో అంతస్తులో అద్దెకుండే, ఆసుపత్రిలో నర్సుగా చేసే నర్సమ్మ గారికి మాత్రం ఆ అందం అర్థం కాలేదు. ఆవిడ తల్లి ఒకప్పుడు బస్ కండక్టరు. జీవితమంతా బస్సులో నిలబడి తిరిగిన మనిషి. తుంటి ఎముక విరిగాక చక్రాల కుర్చీలో పడింది. లిఫ్టులో కింది దాకా రాగలదు. అద్దాల తలుపు దాకా రాగలదు. అక్కడి నుంచి అవతలి ఎండను చూడగలదు. అంతే. మెట్ల మీదుగా మోసుకెళ్ళడానికి నర్సమ్మ ఒక్కతి చాలదు. అంతకు ముందటి ఏడాది వర్షాకాలం నుంచీ ఆ పెద్దావిడ ఆకాశం కిందకి రాలేదు.

ఈ సంగతి చెబుదామని నర్సమ్మ అపార్ట్‌మెంటు మీటింగుకు వచ్చింది కూడా. "అద్దెకున్నవాళ్ళకి మీటింగులో మాట్లాడే వీలు లేదమ్మా. ఓనరు చేత చెప్పించండి" అన్నారు. ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. టీ బాగుంది.

ఎందుకమ్మకు ఆ పెద్దావిడంటే ఇష్టం. పిల్లలంతా ఆవిణ్ణి 'కండక్టరమ్మమ్మ' అంటారు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు అద్దాల తలుపు వెనక ఆవిడ కనబడితే మా పిల్ల ఆగి కబుర్లు చెప్పి వస్తుంది. ఆ వారంలోనే ఒకరోజు అలా ఆగి వచ్చి, డ్రమ్ముల కుర్రాణ్ణీ పళ్ళ డాక్టరు గారి అబ్బాయినీ వెంటబెట్టుకుని నేరుగా సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళింది. పిల్లలు ఏం మాట్లాడతారోనన్న భయంతో నేనూ వెంట వెళ్ళాను.

"అంకుల్, ఆ కుండీలు కొంచెం పక్కకి పెడితే అమ్మమ్మ బయటికి రాగలదు" అంది.

"చూద్దాంలే అమ్మా. అయినా వాళ్ళు టెనెంట్లు కదా!"

"అయితే?"

"అంటే... ఇది వాళ్ళ సొంతం కాదు కదమ్మా. ఉన్నన్నాళ్ళు సర్దుకుపోవాలి. మాట్లాడే హక్కు ఓనర్లకి ఉంటుంది."

ఎందుకమ్మ నా వైపు తిరిగింది.

"ఓహో! అయితే అప్పట్లో మనమంతా టెనెంట్లమన్నమాట. కదా మామయ్యా?"

అంత సూటిగా, అంత చిన్నగా నేను నా అరగంట ప్రసంగంలో ఎక్కడా చెప్పలేకపోయాను. సెక్రటరీ గారు నా వైపు చూసిన చూపులో, మిమ్మల్ని పిలిచి ఎంత తప్పు చేశానండీ అన్న మాట స్పష్టంగా వినిపించింది.

"ముందు ఫంక్షన్ కానివ్వండి. తర్వాత చూద్దాం" అన్నారు. 'తర్వాత చూద్దాం' అనేది పెద్దవాళ్ళ భాషలో ఒక పూర్తి జవాబు. పిల్లలకు ఆ భాష ఇంకా రాదు కాబట్టి, తలలూపి వచ్చేశారు. హమ్మయ్య అనుకున్నాను.

స్వాతంత్ర్య దినోత్సవం రోజు పొద్దున్నే అందరం ఆవరణలోకి వచ్చాం. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, పొట్లం కట్టిన చాక్లెట్లు. జెండా కర్ర వైపు చూసి మతి పోయింది. దాని చుట్టూ వలయాలు వలయాలుగా పూలకుండీలు! ఎర్రవి ఒక వరస, పసుపువి ఒక వరస, తెల్లవి ఒక వరస. పెళ్ళి మండపానికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా అలంకరించరు.

సెక్రటరీ గారి మొహం వెలిగిపోయింది. తన మొక్కలకు అంతటి గౌరవం దక్కుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. వెంటనే మైకు అందుకున్నారు.

"చూశారా! మన యువత చెడిపోయిందని ఎవరండీ అన్నది? ఎవరూ చెప్పకుండానే ఎంత బాధ్యతగా ఈ పని చేశారో చూడండి! ఈ పిల్లల్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను! ఈ కుండీలు ఇక ఇక్కడే ఉండాలని కోరుతున్నాను!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు పూర్తి కాకముందే వెనక అద్దాల తలుపు తెరుచుకుంది.

"జరగండి, జరగండి! దారివ్వండి! ముందంతా ఖాళీగానే ఉంది, జరగండి!"

ఆ గొంతు విని అందరం, ఎందుకో ఏమిటో ఆలోచించకుండానే, జరిగాం. మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గారైతే కుర్చీతో సహా జరిగారు. ఖాళీ అయిన ర్యాంపు మీదుగా కండక్టరమ్మమ్మ దిగి వస్తోంది. వెనక నుంచి ఎందుకమ్మ కుర్చీ పట్టుకుని జాగ్రత్తగా దింపుతోంది. పక్కనే డ్రమ్ముల కుర్రాడు నడుస్తున్నాడు. పెద్దావిడది ఇస్త్రీ చీర, దువ్విన తెల్లజుట్టు.

ఎండలోకి రాగానే కండక్టరమ్మమ్మ, బస్సు ఆపించినట్టే, "హోల్డాన్" అంది. మా పిల్ల ఆపింది.

ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. మొహమంతా ఎండ పడింది. మైకులో సెక్రటరీ గారి ఊపిరి ఒక్కటే వినిపించింది.

అప్పుడే గేటు తీసుకుని నర్సమ్మ గారు లోపలికి వచ్చారు. డ్యూటీ నుంచి నేరుగా వస్తున్నారు, భుజాన బ్యాగు ఉంది. ఎప్పటిలా తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోబోయారు. తల్లిని చూశారు. భుజం మీంచి బ్యాగు జారిపోయింది. తీసుకోలేదు. తల్లి దగ్గరికి పరిగెత్తనూ లేదు. గేటు పట్టుకుని అక్కడే నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

సెక్రటరీ గారి పరిస్థితి ఊహించండి. కుండీలు ఇక అక్కడే ఉండాలని ఇప్పుడే మైకులో అన్నారు. అందరూ విన్నారు. కొందరు వీడియో కూడా తీశారు. మిగిలింది జెండా ఎగరెయ్యడమే. తాడు లాగారు. ముడి బిగుసుకుంది. మళ్ళీ లాగారు. రాలేదు. చెమటలు పట్టాయి.

కండక్టరమ్మమ్మ ఒక కన్ను తెరిచింది.

"అట్లా వేలాడితే ఎలా బాబూ? బస్సు బెల్లు ఎప్పుడూ కొట్టలేదా? టక్ టక్ అని రెండుసార్లు లాగు. రైట్ రైట్!"

ఆయన టక్ టక్ అని లాగారు. జెండా విచ్చుకుంది. నేను చిన్నప్పటి నుంచీ ఎన్ని జెండా వందనాలు చూశానో. జెండా విచ్చుకోగానే చాక్లెట్ పొట్లం వైపు కాకుండా పైకి చూడటం నాకు అదే మొదటిసారి.

ఇక ఆ తర్వాత జరిగిన నష్టం ఏమని చెప్పను!

ర్యాంపు మళ్ళీ ర్యాంపు అయిపోయింది. చంటిపిల్లల బండ్లు దిగుతున్నాయి, గ్యాసు సిలిండర్లు ఎక్కుతున్నాయి. ఫొటోలు దిగే చోటు పోయింది. కండక్టరమ్మమ్మ రోజూ పొద్దున్నే ఆవరణలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తోంది. స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే డ్రైవరుకు చీవాట్లు పెడుతోంది. మీటింగుల్లో అద్దెకున్నవాళ్ళు మాట్లాడుతున్నారు. ఒకప్పుడు టీ చల్లారేలోపు ముగిసే మీటింగులు ఇప్పుడు రెండోసారి టీ పెడితేగానీ తెమలడం లేదు. నీళ్ళ మోటారు గురించి అద్దెకున్న ఒకాయన చెప్పిన సలహా పనిచేసింది కూడా. ఇన్నాళ్ళూ ఆయన ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఇన్నాళ్ళూ నన్ను నోరు తెరవనివ్వలేదు కదండీ" అన్నాడు.

మా ఇంటి సంగతి అడక్కండి. "టీవీ రిమోటు ఎప్పుడూ నీ దగ్గరే ఎందుకుంటుంది మామయ్యా? ఎవరు నిర్ణయించారు?" అని ఎందుకమ్మ అడిగింది. పక్క గదిలోంచి మా ఆవిడ, "ఆగవే, నేనూ వస్తున్నా. నావి ఇంకా చాలా ఉన్నాయి" అంది.

ఇప్పుడు చెప్పండి. ఒక్క ప్రశ్నకు ఒక్కసారి సరైన జవాబు చెప్పినందుకు ఇంత జరిగింది! దేశంలో ఇన్ని హాళ్ళు ఉన్నాయే, ఇన్ని మైకులు ఉన్నాయే, పొరపాటున అన్నిచోట్లా ఎవరో ఒకరు నాలాగే నోరు జారితే ఏమైపోతాం? ఎన్ని కుండీలు కదలాలి? ఎన్ని బోర్డులు దిగాలి? అందుకే ఫ్రీడమ్ సేల్ చల్లగా ఉండాలంటాను. ఇయర్‌ఫోన్ల ధరలు ఇంకా తగ్గాలంటాను.

మళ్ళీ ఆ రోజు దగ్గర పడింది. మొన్న సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చారు. నన్ను ఈ జన్మలో పిలవరనుకున్నాను. పిలిచారు! ఈసారి కూడా పెద్దవాళ్ళెవరికీ కుదరలేదట.

"పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పండి. త్యాగం గురించి చెప్పండి. రక్తం గురించి ఎంతైనా చెప్పండి, మీ ఇష్టం" అన్నారు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "కానీ రచయిత గారూ, పోయినసారిలా అర్థం మాత్రం చెప్పకండి."

నేను ఆలోచించలేదు. వెంటనే ఒప్పుకున్నాను. అందులో నాకు కష్టం ఏముంది? ఆ ఒక్క ఆదివారం తప్పిస్తే, ఇన్నేళ్ళుగా నేను మాట్లాడుతున్నది అలాగే కదా!